శనివారం దాకా తెరుచుకోని ఫైలు

ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక మహాగాథ. ఇందులో నిందపడిన నేతగాడు ఉన్నాడు, దేవుడి మీద వేసిన ఒట్టు ఉంది, మూడు రోజుల గడువు ఉంది, తండ్రి పరువును భుజాన వేసుకుని బయలుదేరిన పదిహేడేళ్ల కొడుకు ఉన్నాడు. ఇంత చెప్పాక నిజం ఒప్పుకోకపోతే పాపం తగులుతుంది. ఇది కంప్యూటర్లో ఒక వీడియో తెరుచుకోకపోవడం గురించిన ముచ్చట. కొడుకు భుజాన ఉన్నది కాలేజీ సంచి. అందులో ఉన్నది టిఫిన్ డబ్బా. ముప్పై ఏళ్లు నిండగానే జ్ఞాపకాలు రాస్తున్నానని తెలిసి మా అమ్మ నవ్వింది. "నీకేం జ్ఞాపకాలున్నయిరా? నిన్న బండి తాళంచెవి ఏడ వెట్టినవో యాదికి లేదు నీకు" అంది. తాళంచెవి ఇంకా దొరకలేదు కాబట్టి రాయడానికి తీరిక ఉంది.

పోయిన నెల మేము సూరత్‌లోనే ఉధ్నా నుంచి అమ్రోలికి ఇల్లు మారాం. సామాను సర్దుతుంటే మెంతుల డబ్బా అడుగున, పసుపు గుడ్డలో చుట్టిన పెన్‌డ్రైవ్ ఒకటి బయటపడింది. మా అమ్మ దృష్టిలో విలువైన వస్తువులన్నీ మెంతుల కిందే భద్రంగా ఉంటాయి. మెంతుల కోసం ఏ దొంగా రాడని ఆమె సిద్ధాంతం. దాన్ని వాసన చూశాను. మెంతులూ పసుపూ కలిసిన ఆ వాసన వెనకే మా పాత గది మొత్తం లేచి వచ్చింది.

ఉధ్నాలో మాది ఒకటే గది. సాంచాల కార్ఖానా వెనక గోడకు ఆనుకుని వరసగా కట్టిన ఎనిమిది గదుల్లో మూడోది. సాంచాలంటే మరమగ్గాలు. మా సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన వాళ్లందరికీ అదే మాట. బాపు ఆ కార్ఖానాలో పగటి డ్యూటీ చేసేవాడు. పొద్దున ఏడింటికి చెవుల్లో దూది పెట్టుకుని వెళ్లేవాడు, సాయంత్రం ఏడింటికి దూది తీసుకుంటూ వచ్చేవాడు. వచ్చిన మనిషి కనుబొమల మీద, మీసాల మీద, చెవి వెంట్రుకల మీద నూలు దుమ్ము మంచులా పేరుకుని ఉండేది. అమ్మ ఆయన్ను గడప బయటే నిలబెట్టి తడిగుడ్డతో తుడిచేది, తుడిచాకే లోపలికి రానిచ్చేది. మెషీన్ నూనె వాసన, గంజి వాసన, పచ్చిపులుసు కోసం పొయ్యి మీద పెట్టిన పోపు వాసన, ఈ మూడూ కలిస్తే మాకు సాయంత్రమైనట్టు. బాపుకు చెవులు సగమే పనిచేసేవి కాబట్టి మా ఇంట్లో ఉప్పు కావాలన్నా అరిచే అడిగేవాళ్లం. పక్క గదిలో దిగిన బిహార్ కుటుంబం మొదటి నెలంతా మేము రోజూ కొట్లాడుకుంటున్నామనుకుంది. ఒకసారి సర్దిచెప్పడానికి కూడా వచ్చారు. మేము ఆ రోజు చేసిన వంకాయ కూర బాగుందని అరుచుకుంటున్నాం.

ఆ గదిలో గూట్లో మా నేతవాళ్ల దేవుడు మార్కండేయ స్వామి పటం, దాని కింద ఒక సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ ఉండేవి. కంప్యూటర్‌కు అమ్మ ప్రతి శుక్రవారం బొట్టు పెట్టేది. నేను ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ కోర్సు చేస్తున్నాను. నాకు వచ్చిందల్లా సినిమాలు కాపీ చేయడం, కంప్యూటర్ మొరాయిస్తే ఆపి మళ్లీ పెట్టడం. ఇవి రెండూ చేస్తే ఉధ్నాలో ఇంజనీరే. బాపు ఆ సంగతి నమ్మడమే కాక, చాయ్ బండి దగ్గర అడిగిన వాడికీ అడగని వాడికీ చెప్పేవాడు. నా కష్టాలన్నిటికీ మూలం అక్కడుంది.

ఒక బుధవారం బాపు మధ్యాహ్నమే ఇంటికి వచ్చాడు. చెవుల్లో దూది అలాగే ఉంది. అమ్మ తడిగుడ్డ తీసుకుని లేచేలోపే లోపలికి వచ్చి కూర్చున్నాడు. దుమ్ముతో లోపలికి వచ్చిన బాపును నేను చూడడం అదే మొదలు. ఏదో పెద్దదే జరిగిందని గడప దాటిన ఆ అడుగుతోనే మాకు అర్థమైంది.

జరిగింది ఇది. సోమవారం నాడు మెట్ల కింద పెట్టిన జరీ రీళ్ల పెట్టె ఒకటి మాయమైంది. మెట్లకు దగ్గరున్నవి బాపు నడిపే సాంచాలు. కాబట్టి వేలు అటే తిరిగింది. మెట్ల మీద కెమెరా ఉంది కానీ, దాని బొమ్మ కనిపించే టీవీ వోల్టేజీ దెబ్బకు కాలిపోయింది. కెమెరా బిగించినవాడు సోమవారం రికార్డింగును ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చి, తన పెళ్లికి ఊరెళ్లాడు. ఆఫీసు కంప్యూటర్లో అది తెరుచుకోలేదు. కార్ఖానా యజమాని శేఠ్ ఒక మాట తేల్చి చెప్పాడట: శనివారం దాకా చూస్తాను, ఏమీ తేలకపోతే నీకు నా దగ్గర పని లేదు, గది కూడా ఖాళీ చెయ్యి. మేముంటున్న గది శేఠ్‌దే. ఇక దొంగ అనే పేరు పడితే ఉధ్నాలో ఏ కార్ఖానా గేటూ తెరుచుకోదు. ఆ పేరు మనిషికన్నా ముందే బస్సెక్కి సిరిసిల్లకు చేరుతుంది.

"మరి నువ్వేమన్నవ్?" అంది అమ్మ.

"మార్కండేయ స్వామి మీద ఒట్టు వెట్టిన. ఇరవై ఏండ్ల సంది ఏక్ ధాగా భీ నహీ లియా శేఠ్, ఒక్క పోగు సుత ఇంటికి తీస్కపోలే అన్న. అని..." బాపు జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి నా ముందు పెట్టాడు. "మా పోరడు కంప్యూటర్ సదువుతుండు, వాడు తెరుస్తడు అన్న."

ఇరవై ఏళ్ల నిజాయితీ, ఉండే గది, వంశం పరువు, అన్నీ నా వేలి గోరంత ప్లాస్టిక్ ముక్కలో పెట్టి నాకు అప్పగించాడు. ఆఖరి పరీక్షలో నాకు నూటికి ముప్పై ఎనిమిది వచ్చాయన్న సంగతి ఆ క్షణంలో చెప్పడం బాగుండదనిపించింది.

ఫైలు మీద నొక్కాను. ఈ ఫైలుకు తగిన కోడెక్ లేదని కంప్యూటర్ చెప్పింది. ఇంకోసారి నొక్కాను. ఇంకోసారి అదే చెప్పింది, పట్టుదలలో మా అమ్మ పోలిక. ఫైలు పేరు చివర ఉన్న మూడక్షరాలు నేను ఎన్నడూ చూడనివి. కోడెక్ అంటే ఏమిటని బాపు అడిగితే, వీడియో చాలా పెద్దగా ఉంటుంది కాబట్టి దాన్ని మూట కడతారని, ఏ రకం ముడి వేశారో తెలిసినవాడే విప్పగలడని అరిచి చెప్పాను. బాపు తల ఊపాడు. "ముడి వేసినోన్ని అడుగుతే అయిపాయె గదా?" అన్నాడు. అడగొచ్చు. వాడు పెళ్లిపీటల మీద ఉన్నాడు, ఫోన్ ఎత్తడం లేదు.

గురువారం పొద్దున్నే డాంగిల్‌తో ఇంటర్నెట్ పెట్టి, నలభై కోడెక్‌లూ ఒకేచోట ఉన్నాయని చెప్పుకున్న ఒక మూటను దించాను. దిగడానికి మధ్యాహ్నమైంది. అందులో నలభై కోడెక్‌లు ఉన్నాయో లేదో తెలియదు కానీ, మా కంప్యూటర్‌కు కొత్తగా ఒక జాతకాల పేజీ, రష్యన్ భాషలో ఒక గడియారం, ఎంత మూసినా మూసుకోని ఒక పేకాట మాత్రం వచ్చాయి. వీడియో రాలేదు.

అసలు కష్టం కంప్యూటర్‌ది కాదు. పనిలేని బాపుతో అంత చిన్న గదిలో ఉండడం. తేలేదాకా డ్యూటీకి రావద్దన్నారు కాబట్టి ఆయన ఇంట్లోనే ఉన్నాడు. పన్నెండు సాంచాల మధ్య తిరిగే అలవాటున్న కాళ్లు తలుపు నుంచి పొయ్యి దాకా, పొయ్యి నుంచి తలుపు దాకా నడుస్తూనే ఉన్నాయి. తలుపు కీలుకు నూనె పోశాడు. బాగానే ఉన్న ఫ్యాను విప్పాడు. మంచం నవారు ఊడదీసి మళ్లీ అల్లాడు. ఎందుకు డ్యూటీకి పోలేదని అడిగినవాళ్లకు జ్వరమని అమ్మ చెప్పింది. దాంతో వరసలోని ఏడు గదుల నుంచీ కషాయాలు వచ్చాయి. తెచ్చినవాళ్లు బాపు తాగేదాకా కదలరు. నిక్షేపంగా ఉన్న మా బాపు ఒక్క రోజులో మిరియాల కషాయం నాలుగు గ్లాసులు, వాము నీళ్లు మూడు గ్లాసులు తాగి, సాయంత్రానికి నిజంగానే జ్వరం వచ్చినవాడిలా అయ్యాడు.

శుక్రవారం ఇంకో మూట ఎక్కించాను. బొమ్మ రాలేదు, తెర నల్లగానే ఉంది. కానీ ఉన్నట్టుండి గదంతా సాంచాల మోతతో నిండిపోయింది. ఆ కెమెరాకు మైకు కూడా ఉందన్నమాట. అమ్మ బియ్యం చెరిగే చాట కింద పెట్టింది. బాపు నవారు వదిలేసి వచ్చి స్పీకరు పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఉప్పు అడిగితే వినిపించని ఆ చెవులు ఆ మోతలో ఏవేవో పట్టుకోసాగాయి.

"ఇది నాలుగో నంబర్. దాని బెల్టు పట్టా వదులైంది, గందుకే గట్ల కొట్టుకుంటది. అగో, ఏడోది ఆగింది. పోగు తెగింది. ఆ, అతికిచ్చిన. నడిశింది." నల్లటి తెర ముందు కళ్లు మూసుకుని కూర్చుని, బాపు మాకు సోమవారాన్ని మొత్తం చూసి చెబుతున్నాడు. నేను నలభై కోడెక్‌లు వెతికాను. అసలుది నా పక్కనే కషాయం వాసన కొడుతూ కూర్చుని ఉంది.

ఇంతలో ఒక సాంచ ఆగిన చప్పుడు వచ్చింది. చాలాసేపు అది మళ్లీ నడవలేదు. బాపు కళ్లు తెరిచాడు. "తొమ్మిదోది," అన్నాడు నెమ్మదిగా. "కొత్త భీము ఎక్కిచ్చినం ఆ యాళ్ల." భీమంటే పడుగు పోగులన్నీ చుట్టి సాంచకు ఎక్కించే పెద్ద రోలు. ఇంకాసేపు విని లేచి, "బంజేయిరా," అన్నాడు.

"ఇంకా చానా ఉంది బాపు."

"బంజేయి అంటున్న గదా. తెరుసుకోకుంటె ఏమైతది? తెరుసుకోలేదని చెప్దాం."

మా బాపు నాతో అంత చిన్న గొంతుతో మాట్లాడడం అదే మొదటిసారి. అరవకుండా మాట్లాడే బాపును చూస్తే నాకు భయం వేసింది. మొన్నటిదాకా తెరవమన్న మనిషి ఇవాళ తెరవొద్దంటున్నాడు. ఎందుకు? ఆ ఎందుకుకు నాకు తోచిన జవాబు ఒకటే. ఆ జవాబు తోచినందుకు సిగ్గుపడుతూనే, ఆ సాయంత్రమంతా గదిలో జరీ రీళ్లు దాచగల చోట్లన్నీ కళ్లతో వెతికాను. మంచం కింద చూశాను. మెంతుల డబ్బా వైపు కూడా చూశాను. పెట్టె అందులో పట్టదని తెలిసీ చూశాను.

శనివారం పొద్దున, ఇంట్లో చెప్పకుండా పెన్‌డ్రైవ్ తీసుకుని స్టేషన్ రోడ్డు వెనక ఉన్న జిగ్నేశ్‌భాయ్ దుకాణానికి వెళ్లాను. ఆయన పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేస్తాడు. పెళ్లికూతురు ముఖం గులాబీలోంచి బయటికి రావడం, పెళ్లికొడుకు చంద్రుడి మీద నిలబడడం ఆయన పనితనమే. ఫైలు చూసి, "ఆ తో కెమెరానీ ఫైల్ ఛే," ఇది కెమెరా ఫైలు, అని తల గోక్కుని, ప్లేయర్ మీద ప్లేయర్ మార్చాడు. ఒకదాంట్లో పచ్చ రంగు వచ్చింది. ఒకదాంట్లో బొమ్మ తలకిందులుగా వచ్చింది, సాంచాలు కప్పు నుంచి వేలాడాయి. చివరికి రోడ్డు మీద అడ్డం పెట్టే నారింజ రంగు టోపీ గుర్తున్న ప్లేయర్‌లో ఏవో రెండు సెట్టింగులు మార్చి, ఫైలు చివరి మూడక్షరాలు చెరిపి వేరే మూడు రాశాడు. బొమ్మ సాఫుగా వచ్చేసింది.

తొమ్మిదో సాంచ ఆగిన చోటికి జరిపించాను. తెర మీద బాపు ఉన్నాడు. కొత్త భీము ముందు నిలబడి కుడి వైపు చూశాడు, ఎడమ వైపు చూశాడు, వెనక్కి కూడా చూశాడు. వంగి, జేబులోంచి చిన్న కత్తెర తీసి, ఏదో కత్తిరించి, చొక్కా జేబులో వేసుకున్నాడు. ప్రపంచంలోని ఏ దొంగా అంత దొంగలా కనిపించడు. నేను వీడియో ఆపేశాను.

జిగ్నేశ్‌భాయ్ నన్ను చూశాడు, తెరను చూశాడు. "పాపా?" అని అడిగాడు, మీ నాన్నేనా అన్నట్టు. తల ఊపాను. "ఇత్నా కట్ కర్ దూ? దో మినిట్ కా కామ్ హై." ఆ ముక్క కత్తిరించి తీసేయడం ఆయనకు నిజంగానే రెండు నిమిషాల పని. మనిషిని చంద్రుడి మీద నిలబెట్టేవాడికి, కార్ఖానాలోంచి తీసేయడం ఎంతసేపు? నేను అవుననబోయాను. ఆ మాట నోటి దాకా వచ్చింది. ఎందుకు ఆగానో గొప్పగా చెప్పుకుందామంటే కుదరదు. కట్ చేసిన చోట గులాబీ వేస్తాడేమోనని భయం వేసింది.

ఇంటికి వెళ్లి బాపు ముందు నిలబడ్డాను. "తెరుసుకుంది," అన్నాను. ఈసారి నేనూ అరవలేదు. ఆయనకు వినపడింది.

బాపు లేచి గూట్లోని పటం వెనక నుంచి పాత తంబాకు డబ్బా ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. మూత తీశాను. లోపల పోగులున్నాయి. ఎర్రవి, నీలివి, తెల్లవి, జానెడు జానెడు ముక్కలు, చిన్న చిన్న చుట్టలుగా. కొత్త భీము ఎక్కించిన ప్రతిసారీ మొదటి పోగు దేవుడిదట. మా తాత చేతిమగ్గం మీద అలాగే తీసి పెట్టేవాడట. బాపు సూరత్ వచ్చాక, సాంచ మీద నైలాన్ చీర నేస్తున్నా అదే చేస్తూ వచ్చాడు.

"మరి అటిటు సూసుడెందుకు? దొంగోని లెక్క?"

"నలుగురు నవ్వరారా? నైలాన్ పోగుకు దండం వెట్టుకునేటోన్ని సూస్తె..." అని, ఇంకో మాట అందుకున్నాడు. "గది గాదు బిడ్డా నా బాధ. నవ్వితె నవ్వనీ. ఒక్క పోగు సుత తీస్కపోలేదని ఒట్టు వెట్టిన. స్వామి మీదనే వెట్టిన. స్వామికి తెచ్చిన పోగులె మరిశి."

అమ్మ పొయ్యి దగ్గర నుంచే అందుకుంది. "ఇరవై ఏండ్ల సంది తెచ్చుడు యాదికుండె గని, ఒట్టు వెట్టేటప్పుడు యాదికి రాకపాయెనా? పోండ్రి, పోయి సూపెట్టుండ్రి. ఉంచుతె ఉంచుతడు, లేకుంటె పెట్టెలు సర్దుత."

మధ్యాహ్నం శేఠ్ ఆఫీసులో కూర్చున్నాం. సరిగ్గా చెప్పాలంటే శేఠ్ కూర్చున్నాడు, మేము నిలబడ్డాం. నేను ఆ టోపీ గుర్తు ప్లేయర్‌ను ఆఫీసు కంప్యూటర్లో వేసి, జిగ్నేశ్‌భాయ్ చేసినట్టే సెట్టింగులు మార్చి, వీడియో పెట్టాను. తొమ్మిదో సాంచ ఆగింది. బాపు కుడి చూశాడు, ఎడమ చూశాడు. శేఠ్ ముందుకు వంగాడు. కత్తెర. జేబు. శేఠ్ కుర్చీలో వెనక్కి ఆనుకుని, బాపు వైపు తిరిగి, ఏదో అనబోయాడు. ఫోన్ మోగింది. ఎత్తి మాట్లాడసాగాడు. వీడియో ఆపాలని నాకు తోచలేదు, అది దాని పాటికి నడుస్తూనే ఉంది. శేఠ్ మాట్లాడుతున్నాడు, సాంచాలు మోగుతున్నాయి, బాపు చేతిలోని తంబాకు డబ్బాలో పోగులున్నాయి, మా సంసారం రేపు ఏ ఫుట్‌పాత్ మీద ఉంటుందోనని నేను లెక్క వేసుకుంటున్నాను.

అప్పుడు తెర మీద మెట్లు దిగుతూ ఒక లావుపాటి మనిషి కనిపించాడు. తెల్ల సఫారీ, చేతిలో ఫోను. మెట్ల కింద ఉన్న పెట్టెను వేలితో చూపించాడు. హమాలీ వచ్చి దాన్ని ఎత్తి భుజాన పెట్టుకుని బయటికి నడిచాడు. తెల్ల సఫారీ మనిషి వెనకే వెళ్లాడు. గదిలో ఉన్న తెల్ల సఫారీ మనిషి ఫోన్ చెవి దగ్గర నుంచి దించాడు.

"అరే," అన్నాడు శేఠ్. "యే తో... పల్సానా భేజా థా."

పల్సానాలో ఆయన బావమరిది యూనిట్ ఉంది. అక్కడ జరీ అయిపోతే తానే పంపి, తానే మరిచాడు. నేను జిగ్నేశ్‌భాయ్ దుకాణంలో ఇంకో పదకొండు నిమిషాలు ఓపిక పట్టి చూసి ఉంటే ఈ అధ్యాయంలో సగం టెన్షన్ ఉండేది కాదు. శేఠ్ క్షమాపణ అడగలేదు. శేఠ్‌లకు ఆ మాట విప్పే కోడెక్ ఉండదు. చాయ్ చెప్పాడు.

బాపు మాత్రం కదలలేదు. డబ్బా మూత తీసి టేబుల్ మీద పెట్టి, తన మాట అబద్ధమైందని తానే చెప్పాడు. "శేఠ్, ఏక్ ధాగా భీ నహీ లియా బోలా థా. ఝూఠ్ నికలా. యే దేఖో, లియా."

శేఠ్ డబ్బాలోకి చూశాడు. వేలితో కదిపాడు. "యే తో కచరా హై, భాయ్," అని చెత్త కింద తేల్చేశాడు.

"కచరా నహీ శేఠ్. భగవాన్ కా హై. పూఛ్ కే లేనా థా."

"తో పూఛ్ కే లేనా," ఇకనుంచి అడిగి తీసుకో, అన్నాడు శేఠ్, విసుగో మరేమిటో తెలియని గొంతుతో. బాపు దాన్ని ఆజ్ఞగా తీసుకున్నాడు. ఆ తర్వాత పని మానేసేదాకా, కొత్త భీము ఎక్కినప్పుడల్లా సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి, కార్ఖానా మోతలో వినపడేలా అరిచి అనుమతి అడిగేవాడు. మొదట్లో తోటి పనివాళ్లు నవ్వారు. తర్వాత నవ్వడం మానేశారు. కొన్నాళ్లకు బాపు వస్తుండడం చూడగానే సూపర్‌వైజర్ దూరం నుంచే చెయ్యి ఊపేవాడు, లే, లే, తీసుకో అని.

ఇప్పుడు అమ్రోలిలో మాకు రెండు గదులు, గడప దగ్గర తుడవాల్సిన అవసరం లేని బాపు. ఫోన్లో ఏ వీడియో నొక్కినా తెరుచుకుంటుంది, ముడి వేసింది ఎవరని అడగదు. బాపు రోజంతా చూస్తాడు, చెవికి మిషన్ పెట్టాక మేము అరవడం కూడా తగ్గింది. కానీ ఎంత గొప్ప వీడియో అయినా అర నిమిషం చూసి పైకి తోసేస్తాడు. కళ్లు మూసుకుని ఏ వీడియోనూ వినడు. నిన్న నేనొక సాంచాల వీడియో వెతికి పెట్టాను. కాసేపు చూసి, "వీళ్లది పట్టా మంచిగున్నది," అన్నాడు, ముసలి నేతగాడి కళ్లు చెమర్చడం లాంటిదేమీ జరగలేదు. జరిగితే రాద్దామని నేను పక్కనే కూర్చున్నాను.

ఆ రోజు శేఠ్ తెప్పించిన చాయ్ సంగతి చెప్పలేదు. చాయ్ తాగి గ్లాసు ఎత్తితే, టేబుల్ మీద మరక పడకుండా దాని కింద ఒక సీడీ పెట్టి ఉంది. దాని మీద కెమెరా బొమ్మ, కింద ప్లేయర్ అన్న అక్షరాలు కనిపించాయి. కంప్యూటర్లో వేసి చూశాను. ఇన్‌స్టాల్ కావడానికి అర నిమిషం పట్టింది, ఫైలు వెంటనే తెరుచుకుంది. కెమెరా కొన్నప్పుడు డబ్బాలో వచ్చే సీడీని పారేయకూడదు.